తంపరను కాపాడే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: మా ఊరి పల్లంలో తంపర (చిత్తడి నేల) ఉంది. వానాకాలమంతా నీరు నిలుస్తుంది. నీరు తీసిన తరువాత పశువులు మేస్తాయి, మావులు (చేపల బుట్టలు) పెట్టి కొర్రమీను పట్టుకుని బతికే కుటుంబాలూ ఉన్నాయి. ఈ మధ్య ఒక పక్క నుంచి మట్టి తోలి పూడుస్తున్నారు. పంచాయతీలో అడిగితే అది రెవెన్యూ భూమి అంటున్నారు. రెవెన్యూ వారేమో రికార్డులో బంజరని ఉందంటున్నారు. ఇంతకీ బాధ్యత ఎవరిది?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: భూమి ప్రభుత్వానిదే కావచ్చు, కానీ దానిని కనిపెట్టుకుని ఉండవలసిన బాధ్యత నుంచి పంచాయతీ తప్పుకోలేదు. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులోని 29 అంశాల్లో చిన్న నీటిపారుదల, నీటి యాజమాన్యం, మత్స్య పరిశ్రమ, సామూహిక ఆస్తుల నిర్వహణ ఉన్నాయి. మీ తంపర వీటన్నిటికీ చెందుతుంది.

రికార్డులో బంజరని ఉన్నంత మాత్రాన అది పనికిరాని నేల కాదు. సోంపేట దగ్గరి బీల అనే చిత్తడి నేలను అలాగే లెక్కగట్టి థర్మల్ విద్యుత్ కేంద్రానికి ఇవ్వబోగా, 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని అదే రోజున రద్దు చేసింది. అంత మూల్యం చెల్లించిన జిల్లాలో ఇప్పటికీ ఇదే మాట వినవలసి రావడం బాధాకరం.

2017 చిత్తడి నేలల నియమాల ప్రకారం ప్రకటించిన చిత్తడి నేలలో ఆక్రమణ, చెత్త పోయడం, శాశ్వత కట్టడాలు నిషిద్ధం. ప్రకటన కోసం సిఫారసు చేయవలసింది రాష్ట్ర చిత్తడి నేలల అథారిటీ. అయితే ఏ నేల ఎక్కడ ఉందో, నీరు ఎంతవరకు వస్తుందో ఊరివాళ్లకు తెలిసినంతగా రాజధానిలో కూర్చున్నవారికి తెలియదు. అందువల్ల తంపర నిండుగా ఉన్న రోజుల్లోనే గ్రామ సర్వేయరును వెంటబెట్టుకుని నీటి అంచు వెంబడి నడిచి, గుర్తులు పెట్టించి, సర్వే నంబర్లతో సహా గ్రామసభలో తీర్మానం చేయించండి. దాని నకలును తహసీల్దారుకు, కలెక్టరుకు ఇచ్చి రశీదు తీసుకోండి. పూడిక ఆపమని అడిగే అర్జీని మాత్రం తీర్మానం దాకా ఆపకుండా ఈరోజే ఇవ్వండి.

ఒక్క పంచాయతీ జాగ్రత్తపడితే సరిపోదని కూడా చెప్పాలి. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూళ్లు కట్టే పెలికాన్లు మేత కోసం నౌపడ వైపు చిత్తడి నేలలకు, చుట్టుపక్కల చెరువులకు వెళతాయి. ఊళ్లో చెట్లను ఎంత భద్రంగా చూసుకున్నా, పొరుగున నీరు పోతే పక్షులు నిలవవు. అందుకే మండల పరిషత్తు సమావేశంలో పొరుగు సర్పంచులతో కలిసి ఈ విషయం ప్రస్తావించమని మీ సర్పంచును కోరండి.

ప్రశ్న: మా పట్టణ చెరువులో మురుగు కలుస్తోంది. అది సాగునీటి కోసం తవ్విన చెరువు కాబట్టి చిత్తడి నేలల నియమాలు వర్తించవంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, విజయనగరం జిల్లా

జవాబు: నిజమే, సాగునీటి కోసమే తవ్విన చెరువులు ఆ నియమాల పరిధిలోకి రావు. కానీ 1974 నీటి కాలుష్య నివారణ చట్టం, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం వర్తిస్తాయి. మురుగును శుద్ధి చేయకుండా వదలకూడదు. ఆ పని పురపాలక సంఘానిదే. మురుగు కలిసే చోటును తేదీతో ఫొటో తీసి, పురపాలక కమిషనరుకు, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి ఒకేసారి ఫిర్యాదు చేయండి.