ఎమీ లెవీని ఎక్కడ మొదలుపెట్టాలి? ‘రూబెన్ శాక్స్’లో ఆమె తన వాళ్లనే కించపరిచిందా?

మీరు రెండు విషయాలు అడిగారు. ఎమీ లెవీ అనే ఆంగ్ల యూదు రచయిత్రి నవలల్లో మొదట ఏది చదవాలన్నది ఒకటి, ‘రూబెన్ శాక్స్’లో ఆమె సొంత సమాజాన్నే కించపరిచిందన్న విమర్శ ఎంతవరకు నిజమన్నది రెండవది. నేను ముప్పై ఏళ్లకు పైగా ఇంగ్లిష్ సాహిత్యం పాఠం చెప్పి రిటైరయ్యాను. రెండవ ప్రశ్నకు ఒకప్పుడు నేనే తప్పు జవాబు చెప్పాను కాబట్టి ముందు దాని సంగతి చెబుతాను.

లెక్చరర్‌గా పనిచేస్తూనే 1996లో ఎం.ఫిల్. చేస్తున్నప్పుడు, ఆమె నవలలన్నీ ఒకచోట చేర్చి 1993లో అమెరికాలో అచ్చువేసిన సంపుటం మా యూనివర్సిటీ లైబ్రరీలో దొరికింది. అందులోని ‘రూబెన్ శాక్స్’లో లండన్‌లోని సంపన్న యూదు కుటుంబాలు, వాళ్ల పేకాట, డబ్బు ముచ్చట్లు, సంబంధాల బేరాలు చదివి, ఈవిడ తన వాళ్లను ఇంగ్లిష్ దొరల కళ్లతో చూసి సిగ్గుపడిందని సెమినార్ పత్రంలో రాశాను. 1888లో ఆ నవల వెలువడినప్పుడు యూదు పత్రికల్లో వచ్చిన కోపం కూడా ఇంచుమించు ఇలాంటిదే కాబట్టి నా మాటకు బలం దొరికిందనుకున్నాను.

కొన్నేళ్ల తర్వాత మా ఇంట్లో జరిగిన ఒక విషయం ఆ పుస్తకాన్ని మళ్లీ తెరిపించింది. మా పిన్ని కూతురు మా దగ్గరే ఉండి చదువుకుంది. తరచూ వచ్చిపోయే ఒక బంధువుల అబ్బాయికి ఆ పిల్ల అంటే ఇష్టమని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదంతే. ఆస్తి ఉన్న సంబంధం రాగానే అతను మా ఇంటికి రావడం మానేశాడు. “వాళ్ల లెక్కలు వాళ్లకుంటాయి కదమ్మా” అని పెద్దవాళ్లు సరిపెట్టుకున్నారు. ఆ పిల్లను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు, నేను కూడా అడగలేదు. ఆ రోజుల్లోనే ‘రూబెన్ శాక్స్’ మళ్లీ చదివితే, అది రూబెన్ కథ కన్నా జూడిత్ కథ అని అర్థమైంది.

జూడిత్ పేదింటి పిల్ల, డబ్బున్న బంధువుల ఇంట్లో పెరిగింది. రూబెన్ తెలివైన లాయరు, పార్లమెంటుకు వెళ్లాలన్న ఆశ ఉన్నవాడు, కట్నం లేని పిల్లను చేసుకుంటే ఎదగలేనని తెలిసినవాడు. ఒక రాత్రి ఆ ఇంట్లో డాన్సు జరుగుతుండగా ఇద్దరూ ఏకాంతంగా ఉంటారు. అతని మనసులో మాట బయటపడబోయే క్షణంలో వీధిలో పేపర్ కుర్రాడి కేక వినిపిస్తుంది: సెయింట్ బాల్డ్విన్స్ ఎంపీ చనిపోయాడని. ఆ సీటు ఖాళీ అయిందన్న వార్త చెవిన పడటంతోనే రూబెన్ మనసు అటు తిరిగిపోతుంది, చెప్పవలసిన మాట చెప్పకుండానే వెళ్లిపోతాడు. లెవీ ఇక్కడ పెద్దగా వర్ణించదు, వ్యాఖ్యానించదు. ఒక్క కేకతో ఒక ఆడపిల్ల జీవితం తేల్చేస్తుంది. ఆ తర్వాత జూడిత్, యూదు మతం పుచ్చుకున్న బర్టీ అనే ధనవంతుడైన ఇంగ్లిష్‌వాణ్ని పెళ్లి చేసుకుంటుంది, బంధువులందరూ సంతోషిస్తారు. రూబెన్ అదే సీటు గెలిచి ఎక్కువ కాలం బతకడు.

ఈ నవలకు రెండేళ్ల ముందు, 1886లో, ‘జ్యూయిష్ క్రానికల్’ పత్రికలో ఆమె మధ్యతరగతి యూదు స్త్రీల గురించి ఒక వ్యాసం రాసింది. పెళ్లి తప్ప వేరే గమ్యం చూపించని పెంపకంపై ఆమెకున్న కోపం అందులో సూటిగా కనిపిస్తుంది, నవలలో కథగా మారింది ఆ కోపమే. అదే ఏడాది అదే పత్రికలో, నవలల్లో యూదుల చిత్రణ గురించి రాస్తూ, యూదులను ఆదర్శంగా చూపిన జార్జ్ ఎలియట్ నవల ‘డేనియల్ డెరోండా’తో కూడా లెవీ తృప్తిపడలేదు. యూదుణ్ని దుర్మార్గుడిగానో మహాత్ముడిగానో చూపితే చాలదని, మామూలు మనిషిగా చూపాలని ఆమె కోరిక. అందుకే ‘రూబెన్ శాక్స్’లో ఒక పాత్ర, మనం డెరోండాలోని మనుషుల్లా లేనందుకు బర్టీ కంగుతిన్నాడు అంటుంది. అయితే యూదుల శరీరాకృతి గురించి ఈ నవలలో ఉన్న కొన్ని వాక్యాలు ఆ కాలపు జాతి సిద్ధాంతాల నుంచి వచ్చినవి. అవి చదివినవాళ్లను నొప్పించాయి, ఈనాటికీ నొప్పిస్తాయి. వాటిని నేను సమర్థించను. కానీ వాటి కోసం జూడిత్‌ను పక్కన పెట్టడం అన్యాయం.

ఆమె జీవితం క్లుప్తంగా చెప్పాలంటే, 1861లో లండన్‌లోని క్లాపమ్‌లో పుట్టింది, తండ్రి షేర్ బ్రోకరు. 1879లో కేంబ్రిడ్జ్‌లోని న్యూన్‌హామ్ కాలేజీలో చేరిన మొదటి యూదు యువతి ఆమే. చివరి పరీక్షలు రాయకుండానే 1881లో తిరిగి వచ్చేసింది. అదే ఏడాది, గయ్యాళిగా పేరుపడిన సోక్రటీస్ భార్య గ్జాంథిపీ తన గోడు తానే చెప్పుకునే కవితతో మొదటి సంపుటం వెలువడింది. కార్ల్ మార్క్స్ కూతురు ఎలియనర్ మార్క్స్, రచయిత్రి క్లెమెంటినా బ్లాక్ ఆమె స్నేహితులు. ‘రూబెన్ శాక్స్’ను జర్మన్‌లోకి అనువదించింది ఎలియనరే. అందులో అనవసరమైన మాట ఒక్కటీ లేదని ఆస్కార్ వైల్డ్ మెచ్చుకున్నాడు. దీర్ఘకాలం మానసిక వేదన అనుభవించి, 1889 సెప్టెంబరులో, 27 ఏళ్ల వయసులో ప్రాణం తీసుకుంది. దయచేసి ఆ ముగింపును ముందు పెట్టుకుని ఆమె పుస్తకాలను చదవకండి. నా విద్యార్థులు చాలామంది అలాగే చదివి, ప్రతి పేజీలోనూ చావు నీడనే వెతికారు.

మొదట ‘ద రొమాన్స్ ఆఫ్ ఎ షాప్’ చదవండి. తండ్రి పోయాక నలుగురు అక్కచెల్లెళ్లు బంధువుల పంచన చేరడం ఇష్టంలేక బేకర్ స్ట్రీట్‌లో ఫొటో స్టూడియో పెట్టుకుంటారు. వాళ్లలో ఒకరైన గెర్ట్రూడ్ గుర్రపు బస్సు పైఅంతస్తులో హాయిగా కూర్చుని వెళ్తుండగా, ఎదురుగా బండిలో వస్తున్న పెద్దమ్మ ఆమెను చూసి నివ్వెరపోయే సన్నివేశం నాకెంతో ఇష్టం. ముగింపు మాత్రం పెళ్లిళ్లతో, ఒక మరణంతో ఆనాటి మామూలు దారిలోకి వెళ్లిపోయింది. రెండవది ‘రూబెన్ శాక్స్’. మూడవ నవల ‘మిస్ మెరెడిత్’ తేలికపాటిది, తీరిక ఉంటే చూడండి.

ఆ తర్వాత ఆమె చివరి కవితా సంపుటంలోని ప్లేన్ చెట్టు కవిత చదవండి. మా అమ్మాయి దగ్గర లండన్‌లో నెల రోజులు ఉన్నప్పుడు ఒక ఉదయం, ఆమె చివరగా నివసించిన ఎండ్స్‌లీ గార్డెన్స్ నుంచి బ్రిటిష్ మ్యూజియం దాకా నడిచాను. పావుగంట దారి. దోవలో ప్లేన్ చెట్లు కనిపించాయి, బెరడు పెచ్చులుగా ఊడి, కింద లేత పసుపు రంగు మచ్చలు మచ్చలుగా బయటపడుతోంది. మిగిలిన చెట్లు పల్లెగాలి కోసం వాడిపోతుంటే ఈ ఒక్క చెట్టుకు మాత్రం పట్నమంటేనే ప్రేమ అని ఆమె తన మేడ మీది గది కిటికీలోంచి చూసి రాసింది.