ప్రమాణాలు వచ్చాక భాషా పాఠం బాగుపడిందా?

ఏ స్థాయిలో పిల్లలు భాషతో ఏమేం చేయగలగాలో చెప్పే ప్రమాణాల వల్ల భాషా బోధన, తరగతిలో మూల్యాంకనం మెరుగుపడ్డాయా అని అడిగారు. పదహారేళ్లుగా పిల్లలకు రెండో భాష చెబుతున్నాను. నన్నడిగితే ప్రమాణాలు మంచివే, వాటిని మార్కుల పట్టీ చేసి కూర్చున్న మన పద్ధతే చెడ్డది.

ఒక మౌఖిక పరీక్ష నాకింకా కళ్లకు కట్టినట్టుంది. అంశం 'నా స్నేహం'. ఉచ్చారణ, వ్యాకరణం, పదజాలం, ధారాళత: నాలుగు గడులు, గడికి 5 మార్కులు. ఒకమ్మాయి గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేస్తోంది, ఒక్క తప్పు లేదు. మధ్యలో ఆపి, "నీ ఫ్రెండ్‌కి కోపమొస్తే ఏం చేస్తుందమ్మా?" అని ఆ భాషలోనే అడిగాను. పిల్ల తెల్లబోయింది. కాసేపు నా మొహంలోకి చూసి, చేతులు కట్టుకుని మళ్లీ మొదటి వాక్యం నుంచి అందుకుంది. తర్వాత వచ్చినవాడు స్నేహితుడి సైకిల్ చైను ఊడితే ఇద్దరూ కలిసి ఎలా ఎక్కించారో చెప్పాడు. క్రియలన్నీ తప్పులే. చైను అనే మాట తెలియక గాల్లో వేలు గుండ్రంగా తిప్పాడు. నాకు మాత్రం అంతా అర్థమైంది, అడిగినవాటికి జవాబులూ చెప్పాడు. పట్టిక ప్రకారం అమ్మాయికి 19, వాడికి 9. అలాగే వేశాను, అది అన్యాయమని ఇప్పటికీ అంటాను.

ఆ ప్రమాణాల్లో పేరున్నది, యూరప్ దేశాల సంస్థ కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో తెచ్చిన భాషా సామర్థ్యాల చట్రం చదవండి. అందులో ఏ1 (అప్పుడే మొదలుపెట్టినవాళ్లు) నుంచి సీ2 (బాగా పట్టు వచ్చినవాళ్లు) వరకు ఆరు స్థాయిలు. తెలియని మాటను సైగతో నెట్టుకురావడం కూడా అందులో ఒక సామర్థ్యమే! దానికి 2020లో వచ్చిన అనుబంధమైతే వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం అన్న పాత విభజనకు బదులు గ్రహణం, వ్యక్తీకరణ, పరస్పర సంభాషణ, మధ్యవర్తిత్వం (ఒకరు చెప్పినదాన్ని ఇంకొకరికి అర్థమయ్యేలా అందించడం) అంటుంది. ఎలా బోధించాలో శాసించడం తన పని కాదని ఆ చట్రమే చెప్పుకుంది. మరి గడులు గీసిందెవరు? మనమే.

ఇంకో బాధ సమయం. 42 మందికి తలా 3 నిమిషాలంటే 126 నిమిషాలు, పీరియడ్ చూస్తే 45. అందుకే మాట్లాడించే పరీక్ష వాయిదా పడుతుంది, రాత పరీక్ష మిగులుతుంది. పరీక్షలో లేనిది మెల్లగా పాఠంలోంచీ జారిపోతుంది. పైగా ఒక్కో పిల్లకి ఒక్కో సామర్థ్యం కింద టిక్కులు పెట్టడానికే సాయంత్రాలు సరిపోతున్నాయి. ఆ టిక్కులు చూసి పాఠం మార్చుకున్న టీచర్ని నేనింతవరకు చూడలేదు.

ఇప్పుడు రోజుకు నలుగురి పక్కన కూర్చుంటాను. జతలుగా మాట్లాడుకుంటుంటే విని, తలా ఒక వాక్యం నోట్‌బుక్‌లో రాసుకుంటాను. మౌఖిక పరీక్షలో అంశం ముందు చెప్పను. చెప్పడం అయ్యాక రెండు ప్రశ్నలు అడుగుతాను, సగం మార్కులు వాటికే.