నాన్నకి కుక్కని తెచ్చిపెట్టమంటారా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారు హైస్కూలు హెడ్‌మాస్టరుగా రిటైరయ్యారు. వయసు 68. అమ్మ పోయి రెండేళ్లవుతోంది. తెనాలిలో సొంతింట్లో ఒక్కరే ఉంటున్నారు. బీపీకి మాత్రలు వాడుతున్నారు, కాస్త మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. నేను హైదరాబాద్‌లో, తమ్ముడు అమెరికాలో. ఎంత రమ్మన్నా ఆ ఇల్లు వదిలి రారు. ఫోన్ చేస్తే "బాగానే ఉన్నానమ్మా" అంటారు కానీ, ఈమధ్య వాకింగ్ మానేసి పొద్దస్తమానం టీవీ ముందే కూర్చుంటున్నారని పక్కింటి పిన్నిగారు చెప్పారు. కుక్కని పెంచితే బీపీ, టెన్షన్ తగ్గుతాయని చదివాను. వచ్చే నెల ఆయన పుట్టినరోజుకి ముందుగా చెప్పకుండా లాబ్రడార్ పిల్లని తీసుకెళ్లి ఒళ్లో పెడదామనుకుంటున్నాను. నిజంగా ఉపయోగం ఉంటుందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఉంటుందమ్మా. కానీ చెప్పకుండా మాత్రం తీసుకెళ్లకండి. లాబ్రడార్ పిల్ల అసలే వద్దు.

మీరు చదివింది గాలిమాటేమీ కాదు. 1980లో అమెరికాలో ఎరికా ఫ్రీడ్‌మన్ బృందం, గుండెజబ్బుతో ఆసుపత్రిలో చేరి ఇంటికెళ్లిన 92 మంది ఏడాది తర్వాత ఎలా ఉన్నారో చూసింది. ఇంట్లో పెంపుడు జంతువు ఉన్నవాళ్లు 53 మంది, వాళ్లలో చనిపోయింది ముగ్గురు. లేనివాళ్లు 39 మంది, వాళ్లలో 11 మంది పోయారు. అది చిన్న అధ్యయనం. 2017లో స్వీడన్ వాళ్లు ఏకంగా 34 లక్షల మంది రికార్డులు తిరగేశారు. ఒంటరిగా ఉంటూ కుక్కని పెంచుకుంటున్నవాళ్లకి మరణ ప్రమాదం, కుక్క లేని ఒంటరివాళ్లతో పోలిస్తే 33 శాతం తక్కువని తేలింది. నలుగురున్న ఇళ్లలో ఈ తేడా అంత కనిపించలేదు. ఒంటరివాళ్లకే ఎక్కువ మేలు కనిపించడం మీ నాన్నగారి విషయంలో నాకు ముఖ్యమనిపించింది.

అయితే ఓపిగ్గా తిరగగలిగినవాళ్లే కుక్కని తెచ్చుకుంటారు కాబట్టి, ఈ లెక్కంతా కుక్క పుణ్యమేనని చెప్పలేం. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2013లో ఈ పరిశోధనలన్నీ పరిశీలించి, కుక్కని పెంచడం గుండెకి మేలు చేయొచ్చు కానీ ఆ ఒక్క కారణం కోసమే తెచ్చుకోవద్దని చెప్పింది. ఇన్నేళ్లుగా కుక్కలకీ పిల్లులకీ వైద్యం చేస్తున్నాను, నేను చెప్పేదీ అదే. బీపీ మాత్ర వేసుకుంటే మనం పట్టించుకోకపోయినా దాని పని అది చేస్తుంది. కుక్క అలా కాదు, దాన్ని మనం పట్టించుకోవాలి. మేలు జరిగేది ఆ పట్టించుకోవడంలోనే.

మా క్లినిక్‌కి ఒక పెద్దాయన వస్తుంటారు. రైల్వేలో గార్డుగా చేశారు. భార్య పోయాక వంట మానేసి, రెండు పూటలా టిఫిన్ సెంటర్ ఇడ్లీలతో గడిపేవారు. వాళ్ల వీధిలోనే పుట్టి పెరిగిన ఒక ఆడకుక్కకి బండి తగిలి కాలు విరిగితే ఆటోలో వేసుకుని నా దగ్గరికి తెచ్చారు. కట్టు కట్టాక "దీన్నిప్పుడు ఎక్కడ వదలనమ్మా?" అని అడిగారు. వదల్లేదు, ఇంటికే తీసుకెళ్లారు. పొద్దున్న ఆరు కాకముందే అది మంచం దగ్గరికొచ్చి ముక్కుతో చెయ్యి తోస్తుందట. దానికి వండాలి కాబట్టి మళ్లీ పొయ్యి వెలిగించారు. ఉప్పూ కారం వేయకముందే దాని వాటా తీసి, మిగిలినదానికి తాలింపు పెట్టుకుంటారు. దాని గిన్నెలో అన్నం పెట్టినప్పుడే తన మాత్రలూ వేసుకుంటారు, అందుకని ఈమధ్య మర్చిపోవడం లేదు. దాని టీకాల కార్డూ తన బీపీ చీటీలూ ఒకే ప్లాస్టిక్ కవర్లో ఉంటాయి. సాయంత్రం దాన్ని తిప్పుతుంటే వీధిలో పిల్లలు ఆపి "తాతా, ముట్టుకోవచ్చా?" అంటారని చెప్పేటప్పుడు ఆయన గొంతు మారిపోతుంది. ఇదివరకు ఆ పిల్లలెవరో కూడా ఆయనకి తెలియదు.

కుక్కా యజమానీ కళ్లల్లోకి కళ్లు పెట్టి చూసుకుంటే ఇద్దరి ఒంట్లోనూ ఆక్సిటోసిన్ అనే హార్మోన్ పెరుగుతుందని 2015లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. తల్లీబిడ్డల మధ్య అనుబంధం పెంచే హార్మోన్ అదే. కానీ నన్నడిగితే, ఆ పెద్దాయన్ని నిలబెట్టింది అంతకంటే తన కోసం ఒక ప్రాణి ఎదురుచూస్తోందన్న సంగతి. బడి గంటతో రోజులు నడిపిన మీ నాన్నగారికి ఇప్పుడు ఎన్నింటికి లేచినా అడిగేవాళ్లు లేరు.

ఇక లాబ్రడార్ ఎందుకొద్దంటే, పెరిగాక ముప్పై కిలోలుంటుంది. పిల్లిని చూసి ఒక్క గుంజు గుంజిందంటే మోకాళ్ల నొప్పులున్న మనిషి నిలవలేరు. అమెరికాలో బెల్టు పట్టుకుని కుక్కని తిప్పుతూ పడి ఎముకలు విరిగిన 65 దాటినవాళ్ల సంఖ్య 2004 నుంచి 2017 మధ్య రెట్టింపు దాటింది. చిన్నపిల్లైతే రాత్రిళ్లు ఏడుస్తుంది, ఇల్లంతా తడుపుతుంది, ఆ తడి గచ్చు మీద జారితే తుంటి ఎముకకే ముప్పు. పైగా కుక్క పదీ పన్నెండేళ్లు బతుకుతుంది. అప్పటికి ఆయనకి 80. ఆయనకి చేతకాని రోజున దాన్ని ఎవరు తీసుకెళ్తారో మీరూ మీ తమ్ముడూ ఇప్పుడే తేల్చుకోవాలి. పుట్టినరోజు కానుకగా వచ్చి, ఏడాది తిరక్కుండా రోడ్డున పడ్డ లాబ్రడార్లకి వైద్యం చేశాను. వదిలేసిన ఇంటివైపే చూస్తూ అన్నం ముట్టవు. అది చూశాక ఈ మాట గట్టిగా చెప్పకుండా ఉండలేను.

నాలుగైదేళ్ల వయసుండి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన, నెమ్మదైన నాటుకుక్క మీ నాన్నగారికి సరిపోతుంది. మన ఎండలకి తట్టుకుంటుంది, ఒళ్లు పెద్దగా చేయదు, దాని స్వభావం ఏమిటో అప్పటికే తెలిసిపోయి ఉంటుంది. దత్తతకి ఇచ్చేవాళ్ల దగ్గరికి ఆయన్నే తీసుకెళ్లండి. దాని పక్కన ఒక గంట కూర్చోనివ్వండి. రెండు మూడుసార్లు వెళ్లాక కూడా ఆయన వద్దంటే బలవంతం చేయకండి. పిల్లి నచ్చితే పిల్లి. తిప్పే పని లేదు కానీ ఒళ్లో పడుకుని గుర్రుగుర్రుమనే ప్రాణి ఇంట్లో ఉండటం తక్కువ సంగతేం కాదు.

తెచ్చుకుంటే రేబిస్ టీకా ఏటా తప్పకూడదు. నట్టల మందు మూడు నెలలకోసారి. గోమార్లు కనిపిస్తే చేత్తో నలపకుండా డాక్టరుకి చూపించాలి. ఉల్లిపాయ వేసిన కూరలు, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ పెట్టకూడదు. ఆడుతూ పన్ను దిగినా, గోరు గీరుకున్నా కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, టీకా వేసిన కుక్కే కదా అని ఊరుకోకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఆయన ఊరెళ్తే రెండు రోజులు చూసుకుంటారేమో పక్కింటి పిన్నిగారిని ముందే అడగండి.

వీటన్నిటికంటే ముందు చేయాల్సింది ఇంకొకటుంది. వాకింగ్ మానేయడం, టీవీ ముందు నుంచి లేవకపోవడం డిప్రెషన్ లక్షణాలు కావచ్చు, మోకాలి నొప్పి ఎక్కువైనా మనిషి అలాగే అయిపోతారు. అందుకని కుక్క గురించి మాట్లాడే ముందే తెనాలి వెళ్లి, ఆయన్ని డాక్టరుకి చూపించండి. నిద్ర ఎలా ఉంది, రాత్రి ఏం తింటున్నారు అని మీరు పక్కనుండగానే అడిగించండి. ఫోన్లో అడిగితే ఆయన మళ్లీ బాగానే ఉన్నానంటారు.