రాళ్ల దెబ్బలు, ఘాట్ రోడ్లు: కారు ప్రశ్నలు – జవాబులు

ప్ర: మాది సిల్వర్ కారు. లారీల వెనక వెళ్లి వెళ్లి బానెట్ ముందంచున ఆవగింజంత పెచ్చులు లేచాయి. రెండుచోట్ల తుప్పు కనిపిస్తోంది. ఆదివారం అరకు ప్రయాణం. శనివారం రాత్రి టచప్ రంగు పూసేస్తే చాలా? – విశాఖపట్నం పాఠకుడు

జ: శనివారం రాత్రి మాత్రం వద్దు. చేతికి అంటకపోయినా రంగు లోపల గట్టిపడటానికి రోజులు పడుతుంది. ఈలోగా దుమ్మూ పురుగులూ దానికే అతుక్కుంటాయి. అరకు నుంచి వచ్చాక చేయండి. అలాగని నెలలు వదిలేయకండి, సముద్రపు గాలికి తుప్పు చుట్టుపక్కల రంగు కిందికి పాకుతుంది.

రంగు కోడ్ డ్రైవర్ డోరు తెరిస్తే కనిపించే పిల్లర్ మీదో, బానెట్ లోపలి ప్లేటు మీదో ఉంటుంది. దొరక్కపోతే ఛాసిస్ నంబరు చెప్తే షోరూమ్‌వాళ్లు చూసి చెప్తారు. ‘సిల్వర్’ అని అడిగి కొంటే డబ్బు దండగే.

ముందు కారు షాంపూతో కడిగి ఆరనిచ్చి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. పాలిష్ జిడ్డు మిగిలితే రంగు అక్కడ నిలవదు, గుంటలు పడుతుంది. పని చెడేది ఎక్కువగా ఇక్కడే. అగ్గిపుల్ల చివర 1000 నంబర్ వాటర్ పేపర్ (తడిపి రుద్దే సన్నని గరుకు కాగితం) ముక్క అంటించి, లోహం మెరిసేదాకా తుప్పును మాత్రమే గీకండి. లోహం బయటపడ్డ చోట టూత్‌పిక్‌తో ప్రైమర్ (రంగు పట్టు కోసం ముందుగా వేసే పూత) చుక్క పెట్టి గంట ఆగండి.

సిల్వర్ రంగులో అల్యూమినియం పొడి అడుగున పేరుకుంటుంది కాబట్టి సీసాను రెండు నిమిషాలు బాగా కుదపాలి. మూతకున్న బ్రష్ ఇంత చిన్న గాటుకు మరీ లావు, టూత్‌పిక్కే నయం. చుక్కను మధ్యలో పెడితే అదే అంచులదాకా పారుతుంది. అరగంటకొకటి చొప్పున రెండు మూడు పలుచని పూతలు వేయండి, అంచుకు కాస్త దిగువనే ఆపండి. ఆ మిగిలిన జాగా రంగు మీద చివరగా వేసే పారదర్శకపు పూత, అంటే క్లియర్ కోట్‌ది. పని నీడలోనే చేయాలి. ఎండకు కాలిన రేకు మీద పైపొర ముందే ఆరి, లోపలి థిన్నర్ బుడగలై లేస్తుంది. వాన ముసురులో వేస్తే క్లియర్ పాలలా తెల్లబడుతుంది.

వారం తర్వాత ఉబ్బు కనిపిస్తే 2500 వాటర్ పేపర్‌ను సబ్బునీళ్లలో ముంచి, చాలా మెల్లగా రుద్దండి. కంపెనీ క్లియర్ కోట్ మందం దాదాపు 40–50 మైక్రాన్లే, వెంట్రుక కంటే పలుచన. ధైర్యం చాలకపోతే ఉబ్బు అలాగే ఉండనివ్వండి. సిల్వర్ ఎలాగూ నూటికి నూరుపాళ్లు కలవదు. స్ప్రేలో లోహపు రేణువులు పడుకున్నట్టు సర్దుకుంటాయి, చేత్తో పెట్టినప్పుడు చిందరవందరగా నిలబడతాయి.

ప్ర: బంపర్ మూల గీరుకుపోయి నల్లగా కనిపిస్తోంది. ఇదీ ఇలాగేనా? – రాజమహేంద్రవరం పాఠకురాలు

జ: అది ప్లాస్టిక్కమ్మా, తుప్పు భయం లేదు. ప్లాస్టిక్ ప్రైమర్ వేయకుండా రంగు పూస్తే మాత్రం పొట్టులా లేస్తుంది. అరచేయంత మేర పోయి ఉంటే టచప్ దండగ, పెయింటర్‌తో స్ప్రే చేయించండి.

ప్ర: అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు కాలిన వాసన వస్తుంది. ఎందుకు? – విజయనగరం పాఠకుడు

జ: బ్రేకు మీదే కాలుంచి దిగుతున్నారు. ఎక్కిన గేరులోనే, అంటే రెండో గేరులోనో మూడో గేరులోనో దిగండి. ఆటోమేటిక్ అయితే ‘ఎల్’ గానీ మాన్యువల్ మోడ్ గానీ వాడండి. పెట్రోలు కలిసొస్తుందని ఇంజిన్ ఆపేస్తే బ్రేక్ బూస్టర్ (పెడల్ నొక్కుడుకు బలమిచ్చే భాగం) పనిచేయదు, స్టీరింగూ బిగుసుకుంటుంది. వాసన వస్తే చదునైన చోట ఇరవై నిమిషాలు ఆగండి. వేడి డిస్కుల మీద నీళ్లు పోయొద్దు, వంకర పోతాయి. బ్రేక్ ఫ్లూయిడ్ మార్చి రెండేళ్లు దాటిందేమో కూడా చూసుకోండి. అది గాల్లోని తేమను పీల్చుకుంటుంది, వేడికి ఆ తేమ ఆవిరై పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది.