ఢిల్లీ మెట్రో ఎక్కబోతున్న అమ్మలుకి

అమ్మలూ,

నువ్వు సివిల్స్ కోచింగ్‌కి ఢిల్లీ వెళ్తున్నావని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో! ఫోన్ పెట్టేశాక టెన్షన్ మొదలైంది. చదువు సంగతి నువ్వు చూసుకుంటావు. ఆ ఊళ్లో తిరగడం గురించి మాత్రం నా మాట వినాలి. పెదనాన్న ఉద్యోగంతో జనక్‌పురిలో ఏళ్ల తరబడి ఉన్నాం. 2002 డిసెంబర్‌లో షాహ్‌దరా నుంచి తీస్ హజారీ దాకా మొదటి మెట్రో నడిచినప్పుడు జనం ఊరికే ఎక్కి చూడ్డానికి ఎగబడ్డారు. అప్పటి నుంచి ఆ లైన్లు ఒక్కొక్కటీ పెరగడం కళ్లారా చూశాను.

ఏపీ ఎక్స్‌ప్రెస్ న్యూఢిల్లీలో దింపుతుంది. పహాడ్‌గంజ్ వైపు వెళ్లకు, అజ్మేరీ గేట్ వైపు రా, మెట్రో అక్కడుంది. స్మార్ట్ కార్డ్ తీసుకో, ఛార్జీలో 10 శాతం తగ్గుతుంది. ఎల్లో లైన్‌లో గురుగ్రామ్ వైపు ఒక్క స్టేషన్ వెళ్తే రాజీవ్ చౌక్. అక్కడ బ్లూ లైన్‌లోకి మారి ద్వారకా సెక్టర్ 21 వైపు వెళ్లే బండి ఎక్కు. రామకృష్ణ ఆశ్రమ్ మార్గ్, ఝండేవాలన్, ఆ తర్వాత కరోల్ బాగ్. నీ కోచింగ్ ఉన్న రాజేంద్ర నగర్‌కి అక్కడ దిగినా సరే, తర్వాతి రాజేంద్ర ప్లేస్‌లో దిగినా సరే.

రాజీవ్ చౌక్‌లో జనాన్ని చూసి కంగారుపడకు. ఎల్లో లైన్ కింద, బ్లూ లైన్ పైన. మారే దారి తెలియడానికి నేల మీద రంగు రంగుల అడుగుల గుర్తులు వేసి ఉంటాయి, వాటి వెంట నడువు. బ్యాగ్ ముందుకు వేసుకో. మొదటి పెట్టె ఆడవాళ్లది, ప్లాట్‌ఫాం మీద గులాబీ రంగు గుర్తు చూసి అక్కడే నిలబడు. తలుపులు మూసుకుంటుంటే పరుగెత్తి దూరావని తెలిస్తే మాత్రం ఊరుకోను. బండి పోతే ఇంకోటి వస్తుంది.

ఇక అసలు విషయం. లైన్ రంగు చూసి ఎక్కకూడదు, ఆ బండి చివరికి ఏ ఊరు పోతుందో చూసి ఎక్కాలి. మీ అక్క సంగతి నీకెవరూ చెప్పి ఉండరు. ఇంట్లో ఆ మాట ఎత్తం.

2011 చలికాలం. దానికి నోయిడా సెక్టర్ 16లో మధ్యాహ్నం పరీక్ష. జనక్‌పురి నుంచి బ్లూ లైన్ తిన్నగా నోయిడా పోతుంది, ఎక్కడా మారక్కర్లేదు. తోడు వస్తానంటే వద్దంది. బ్లూ లైన్ యమునా బ్యాంక్ స్టేషన్ దగ్గర రెండుగా చీలుతుంది. ఒకటి నోయిడాకి, ఇంకోటి వైశాలికి. వైశాలి దాకా బళ్లు పడి అప్పటికి కొన్ని నెలలే అయింది. రోజూ పశ్చిమం వైపు తిరిగే పిల్లకి ఆ చీలిక సంగతి పట్టలేదు. వచ్చిన బండి ఎక్కి పుస్తకంలో తల పెట్టింది. తలెత్తేసరికి వైశాలి దారిలో ప్రీత్ విహార్.

అక్కడిదాకా పెద్ద నష్టమేమీ లేదమ్మా. అవతలి ప్లాట్‌ఫాంకి వెళ్లి మూడు స్టేషన్లు వెనక్కి వస్తే యమునా బ్యాంక్. అక్కడ నోయిడా బండి ఎక్కితే పరీక్షకి అందేదే. కానీ భయంలో గేటు దాటి రోడ్డు మీదికి వచ్చేసింది. ఆటో మాట్లాడుకుంది. ఆ ఆటో ట్రాఫిక్‌లో ఇరుక్కుంది, సెంటర్ ఎక్కడో అతనికీ తెలియదు. చేరేసరికి గేటు మూసేశారు. ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయింది. ఇంట్లో మేం ఎవరికి ఫోన్ చేయాలో తెలియక కూర్చున్నాం. చీకటి పడ్డాక తలుపు కొట్టింది. పరీక్ష పోయిందని ఏడ్చింది. నాకు పిల్ల కనబడితే చాలనిపించింది. ఆ రాత్రి నేనేమీ అనలేదు. పెదనాన్న అన్నం కలిపి పెట్టారు.

అందుకే చెప్తున్నా. తప్పు బండి ఎక్కావని తెలిస్తే తర్వాతి స్టేషన్‌లో దిగు, గేటు మాత్రం దాటకు. లోపల దీపాలుంటాయి, సెక్యూరిటీ వాళ్లుంటారు, గోడ మీద మ్యాప్ ఉంటుంది. ఓ కాగితం మ్యాప్ కూడా పర్సులో పెట్టుకో. తూర్పు వైపు వెళ్లేటప్పుడు ఇంద్రప్రస్థ దాటి యమున కనబడగానే నువ్వున్న బండి దేనిదో మరోసారి చూసుకో.

ఇంకో భయం. 2024 జూలైలో రాజేంద్ర నగర్‌లో ఓ బేస్‌మెంట్ లైబ్రరీలోకి వాననీళ్లు వచ్చి ముగ్గురు పిల్లలు పోయారు. బేస్‌మెంట్‌లో చదువుకునే చోటు తీసుకోవద్దు. డబ్బు ఎక్కువైతే నేనిస్తాను, మీ అమ్మకి చెప్పక్కర్లేదు.

పింక్ లైన్‌లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్ అని ఓ స్టేషన్ ఉంది. మన రాజమండ్రిలో పుట్టి రాజ్యాంగ సభలో కూర్చున్న ఆవిడ. రైల్లో ఆ పేరు చెప్పినప్పుడల్లా నేను నిటారుగా కూర్చునేదాన్ని. ఓ సెలవు రోజు వెళ్లి చూడు.

యూపీఎస్సీ ఆఫీసు ధోల్‌పూర్ హౌస్‌లో ఇంటర్వ్యూకి వెళ్లే దారి కూడా చెప్పేస్తున్నా. మండీ హౌస్‌లో బ్లూ నుంచి వయొలెట్‌కి మారి ఖాన్ మార్కెట్‌లో దిగాలి. ఆ రోజు నేనొస్తాను, వద్దనకు.

ముందు ఈ పని చెయ్యి. చేరిన మొదటి ఆదివారం కరోల్ బాగ్ నుంచి యమునా బ్యాంక్ దాకా వెళ్లి దిగు, ఏ బోర్డు మీద ఏముందో నింపాదిగా చదువు, తిరిగి రా. వచ్చాక ఫోన్ చెయ్యి. ఎంత రాత్రైనా ఎత్తుతాను.

మీ పెద్దమ్మ