ద్వారబంధం పక్కన పూత మళ్లీ మళ్లీ ఊడిపోవడానికి కారణం

ద్వారబంధం చుట్టూ సిమెంటు పూత పెచ్చులుగా ఊడిపోయిందనీ, చెక్కకూ గోడకూ మధ్య వేలు దూరేంత సందు పడిందనీ, దానిని వాల్ పుట్టీతో నింపేస్తే సరిపోతుందా అనీ మీరు అడిగారు. సరిపోదు. నాలుగు రోజులు చూడముచ్చటగా ఉండి, ఆ తరువాత అదే గీత వెంబడి మళ్లీ బీట వారుతుంది.

నన్నడిగితే, ఇలాంటి బీటలలో నూటికి తొంభై బంధం కదలడం వల్ల వచ్చేవే తప్ప పూత లోపం వల్ల వచ్చేవి కావు. కనుక తాపీ పట్టుకోక ముందే, ఒకరిని బంధం మీద అరచెయ్యి ఆనించి నిలబడమని చెప్పి, మీరు తలుపును కాస్త గట్టిగా వేసి చూడండి. చెక్క అదురుతుంటే చేతికి తెలిసిపోతుంది.

మా పడకగది తలుపుకు మడతబందులున్న వైపు, సరిగ్గా పై బందు పక్కన, అరచేతి వెడల్పున పూత ఊడిపడింది. వచ్చిన మేస్త్రీ గట్టిగా ఉంటుందని చెప్పి ఇసుక కంటే సిమెంటు వంతు పెంచి, చెక్క అంచును ఆనుకునేదాకా నింపి, అద్దంలా నున్నగా రుద్ది వెళ్లాడు. వానలు వెలిసి గాలి పొడిబారేసరికి చెక్కా సిమెంటూ కలిసే చోట వెంట్రుకంత గీత పడింది. చూస్తుండగానే ఆ గీత పెచ్చయింది. మేస్త్రీని అడిగితే వడ్రంగి పని సరిగా లేదన్నాడు, వడ్రంగిని అడిగితే సిమెంటు పని నాసిరకమన్నాడు. ఈ ఇద్దరినీ ఒకే పూట ఒకే గుమ్మం దగ్గర నిలబెట్టగలిగిన ఇంటి యజమాని ఈ లోకంలో ఉన్నాడని నేను నమ్మను.

చివరికి వడ్రంగి చేతనే ఆ పూతను ఉలితో చెక్కించాను. బంధాన్ని గోడకు పట్టి ఉంచవలసిన ఇనుప హోల్డ్‌ఫాస్ట్ గోడలోనే ఉంది గానీ, దానిని చెక్కకు బిగించిన మరలు తుప్పు పట్టి తెగిపోయాయి. దాని చుట్టూ కాంక్రీటు ఉండవలసిన చోట ఇటుక ముక్కలూ సిమెంటు సంచి కాగితమూ కుక్కి, పైన పూత పూసి ఉంచారు. తలుపు బరువు ఎప్పుడూ పై బందును గోడ నుంచి బయటికి లాగుతుంది, కింది బందును గోడ వైపు నెడుతుంది. పూత పైననే ఎందుకు ఊడిందో అప్పుడు అర్థమైంది. కంటికి కనిపించే నునుపు కోసం పడే శ్రమలో సగమైనా కనిపించని ఆ గుంటలో కాంక్రీటు దట్టించడానికి పడితే, ఈ ప్రశ్న అడగవలసిన అవసరమే మీకు వచ్చేది కాదు.

కాబట్టి మొదటి పని బంధాన్ని బిగించడం. గోడలోకి దిగే పొడవాటి యాంకరు మరలు వేయించండి. మర బిగిస్తున్నప్పుడు చెక్క గోడ వైపు వంగిపోకుండా సందులో చెక్క చీలికలు పెట్టి, నిటారుగా ఉందో లేదో తూకం గుండుతో సరిచూడాలి. బంధం అడుగున స్క్రూడ్రైవరు గుచ్చితే మెత్తగా దిగినా, చెదల మట్టి దారులు కనిపించినా, ముందు ఆ పుచ్చు, చెదల సంగతి తేల్చుకోండి.

పూత విషయానికి వస్తే, చుట్టూ వేళ్లతో తట్టి, డొల్లగా మోగినంత మేరా నిర్దాక్షిణ్యంగా తీసేయాలి. దుమ్మును బ్రష్‌తో దులిపి, గోడను తడిపి, పైన నీరు తేలకుండా చూసి, 1 పాలు సిమెంటుకు 4 పాళ్ల ఇసుక కలిపి పూయాలి. సిమెంటు ఎక్కువైతే గట్టిదనం కంటే ముందు కుంచించుకుపోవడమూ పగలడమూ వస్తాయి. లోతు 15 మిల్లీమీటర్లు దాటితే రెండు పూతలుగా వేసి, మొదటిదాని మీద గీతలు గీయాలి. 7 రోజులు నీళ్లు చల్లాలి. సాయంత్రానికే పుట్టీ పట్టేద్దామనే తొందర ఈ పనిలో కనిపించినంతగా మరెక్కడా కనిపించదు.

అన్నిటికంటే ముఖ్యంగా, పూతను చెక్కకు తాకనివ్వవద్దు. చెక్క తేమ పీల్చుకుని అడ్డంగా ఉబ్బుతుంది, పొడి గాలిలో ముడుచుకుంటుంది. సిమెంటు దానితోపాటు కదలలేదు. పూత పచ్చిగా ఉండగానే తాపీ అంచుతో రెండింటి మధ్య 6 మిల్లీమీటర్ల గాడి తీయించి, పూత పూర్తిగా ఆరిన తరువాత దానిలో యాక్రిలిక్ సీలెంటు నింపండి. సిలికాన్ మీద రంగు నిలవదు కనుక ఇక్కడ అది పనికిరాదు. గాడి లోతుగా ఉంటే ముందు నురుగు తాడు దూర్చండి. అప్పుడు సీలెంటు రెండు పక్కలకే అంటుకుని సాగగలుగుతుంది.

బంధం వెనుక పెద్ద ఖాళీ ఉంటే, డబ్బా నుంచి చిమ్మగానే ఉబ్బి గట్టిపడే ఫోమ్ వాడవచ్చు గానీ, తక్కువగా ఉబ్బే రకమే తీసుకుని, సందును తడిపి, సగానికి మించకుండా నింపాలి. ఎక్కువైతే అది బంధాన్ని లోపలికి నెట్టి తలుపు పట్టేసేలా చేస్తుంది. ఎండకు పొడిపొడిగా రాలిపోతుంది కాబట్టి దానిని బయటికి కనిపించేలా వదలకూడదు. బరువైన తలుపును ఫోమ్ ఒక్కటే మోస్తుందని చెప్పేవారి మాట మాత్రం వినకండి.

గాడి కనిపించడం ఇష్టం లేకపోతే పైన చెక్క పట్టీ కొట్టించండి, మేకులన్నీ బంధంలోకే దిగాలి. గోడలోకి కొట్టిస్తే పట్టీ కదిలినప్పుడల్లా ఆ మేకు దగ్గరే కొత్త పెచ్చు లేస్తుంది.