వేడినీళ్ల కంటే ముందు సముద్రం సంగతి చూసుకో

చి.ల.సౌ. స్వాతికి,

పెద్దమ్మ ఆశీస్సులు. మీ అత్తగారూ మామగారూ కాకినాడ నుంచి కెనడాలో వాంకూవర్ పక్కనున్న మీ సర్రే వచ్చాక, వాంకూవర్ దీవి పడమటి ఒడ్డున ఉన్న టొఫినో తీసుకెళ్లి, అక్కణ్నుంచి పడవలో వెళ్లే హాట్ స్ప్రింగ్స్ కోవ్ వేడినీటి ఊటలో స్నానం చేయిద్దామనుకుంటున్నానని రాశావు. మంచి ఆలోచనే. కానీ నువ్వు అడిగినవన్నీ నీళ్ల గురించే. అక్కడ జనాన్ని ఇబ్బంది పెట్టేది నీళ్లు కాదమ్మా, వాటి దగ్గరికి వెళ్లే దారి.

ముందు తేల్చుకోవలసింది మామగారి మోకాళ్ల సంగతి. పడవ దిగిన రేవు నుంచి ఊట దాకా దాదాపు రెండు కిలోమీటర్లు, పాతకాలపు దేవదారు అడవిలో చెక్కబాట. ఎక్కే మెట్లు, దిగే మెట్లు చాలానే ఉంటాయి. మీకు అరగంట, నలభై నిమిషాలు. ఆయనకు గంట వేసుకో. బాట చివర కట్టిన గుండం ఏమీ ఉండదు, సముద్రపు ఒడ్డున రాళ్ల సందులే. చేతులు ఆనించుకుని దిగాలి. మీ బిల్డింగులో మూడంతస్తులు రెయిలింగు పట్టుకోకుండా ఎక్కి దిగగలరేమో చూడు. కష్టమనిపిస్తే ఆయనకు టొఫినోలోనే చిన్న పడవ షికారు చూడు, మొహమాటపడకు.

వాంకూవర్ నుంచి ఒక్కరోజులో అయ్యే పని కాదు. హార్స్‌షూ బే నుంచి నానైమోకి ఫెర్రీ గంటా నలభై నిమిషాలు. అక్కణ్నుంచి పోర్ట్ ఆల్బెర్నీ మీదుగా నాలుగో నంబరు హైవే మీద టొఫినోకి మూడు గంటల పైనే. పెట్రోలు ఆల్బెర్నీలోనే నింపించు. వేసవి వారాంతాల్లో ఫెర్రీ ముందే బుక్ చేసుకోవాలి. బస మూడు రాత్రులు పెట్టుకుని, ఊట ప్రయాణం మొదటి పూర్తి రోజునే వేయి. గాలి పెరిగితే పడవలు రద్దవుతాయి, అప్పుడు మర్నాడు చేతిలో ఉంటుంది. చివరి రోజున పెట్టుకున్నవాళ్లు ఊరికే తిరిగొస్తారు.

నెల సంగతి. టొఫినోలో ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్లకు పైగా వాన, మన కోస్తా జిల్లాల్లో పడేదానికి దాదాపు మూడింతలు. అందులో ఎక్కువ భాగం చలికాలంలోనే, తుఫానులతో. మే, జూన్, సెప్టెంబర్ నయం. ఆగస్టులో పొద్దున్నే పొగమంచు కమ్మి నీటి విమానాలు ఆగిపోతాయి. విమానంలో ఇరవై నిమిషాలే, పడవలో గంట నుంచి గంటన్నర. అయినా పెద్దవాళ్లతో పడవే మేలంటాను: కూర్చోవడం సులువు, దారిలో సీ ఆటర్లు, తిమింగలాలు, సముద్రం వెనక్కి తగ్గే ఆటు సమయంలో ఒడ్డున పీతల కోసం రాళ్లు తిరగేసే నల్ల ఎలుగుబంట్లు కనిపించే అవకాశం ఉంది.

ఏ పడవ అన్నది అసలు ప్రశ్న. రబ్బరు అంచుల ఓపెన్ పడవలో ఎర్రటి సూట్లు తొడిగించి కూర్చోబెడతారు. ప్రతి కెరటానికీ నడుము మీద దెబ్బ పడుతుంది. వెన్నునొప్పి ఉన్నవాళ్లకూ గర్భిణులకూ అది పనికిరాదు. పైకప్పు, బాత్రూం ఉన్న పెద్ద పడవ అడుగు. బుక్ చేసేటప్పుడు ఇంకో మాట కూడా అడుగు: అక్కడ ఎంతసేపు ఆపుతారు? మామూలుగా మూడు గంటలంటారు. వినడానికి బాగానే ఉంటుంది గానీ, నడకతో కలిపి. మామగారి నడకకు రానూపోనూ రెండు గంటలు తీసేస్తే బట్టలు మార్చుకోవడంతో సహా మిగిలేది ఒక్క గంటే. ఇంకాస్త ఎక్కువసేపు ఆపే పడవ ఉంటే అదే ఎంచుకో. ఊట ఉన్న పార్కు తెరిచి ఉందా, ప్రవేశ రుసుము టిక్కెట్టులో కలిసిందా అన్నదీ అప్పుడే కనుక్కో.

కడుపులో తిప్పడం మొదలయ్యాక మాత్ర వేస్తే ఉపయోగం లేదు. గ్రావాల్ మాత్ర పడవ ఎక్కడానికి అరగంట, గంట ముందే వేయాలి. అది మత్తు తెస్తుంది, పెద్దవాళ్లకు ఇంకా ఎక్కువ. అందుకే వాళ్ల డాక్టరును అడగకుండా వేయకు. పొద్దున ఖాళీ కడుపూ వద్దు, పెసరట్టు ఉప్మా కూడా వద్దు. రెండు ఇడ్లీలు చాలు. పడవలో వెనక వైపు, మధ్యలో కూర్చోబెట్టి దూరంగా నీళ్లూ ఆకాశం కలిసే చోటు చూడమను. ఫోన్ చూశారా, అయిపోయినట్టే.

లైఫ్ జాకెట్ ఒంటి మీదే ఉండాలి. సీటు కింద ఉన్నది లెక్కలోకి రాదు. 2015 అక్టోబరు 25న టొఫినో దగ్గరే తిమింగలాలు చూపించే పడవ ఒకటి పెద్ద కెరటం తగిలి తిరగబడింది. 27 మందిలో ఆరుగురు పోయారు.

ఇక ఆటుపోట్లు. కెనడా ప్రభుత్వం వాళ్ల పట్టికలో టొఫినో పేరు మీద చూడు. రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. రోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. నీళ్లు పైన రాతి చీలికలోంచి దాదాపు 50 డిగ్రీల వేడితో వస్తాయి. కాస్త కిందకి జలపాతంలా దూకి, అక్కణ్నుంచి ఇరుకైన సందులో ఒకదాని కింద ఒకటిగా ఉన్న మడుగుల గుండా సముద్రంలో కలుస్తాయి. పై మడుగు కాగుతూ ఉంటుంది, కిందికి దిగేకొద్దీ చల్లబడుతుంది. పోటు నిండుగా ఉంటే కింది మడుగుల్లోకి చల్లటి సముద్రం ఎగదన్నుతుంది, అలకు మనిషి రాళ్లకు కొట్టుకునే ప్రమాదం కూడా ఉంది. మరీ ఆటుగా ఉంటే చన్నీళ్లు కలవవు, పాచిపట్టిన రాళ్లు బయటపడతాయి. మధ్యస్థంగా, నీళ్లు తగ్గుతున్న సమయానికి మీరు చేరేలా పడవ టైము ఎంచుకో. సముద్రం వైపు వీపు పెట్టి ఎవరూ కూర్చోవద్దు.

పైన ఊట పుట్టేచోట చెయ్యి పెట్టనివ్వకు, కాలుతుంది. కింది మడుగుతో మొదలుపెట్టి పైకి రావాలి. ఒక్కో విడతకు పది నిమిషాలు, ఆపైన గట్టున కూర్చుని నీళ్లు తాగాలి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు చటుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి, నీ చెయ్యి పట్టుకుని లేవమను. షుగరుతో అరికాళ్లు మొద్దుబారినవాళ్లకు వేడి తెలియదు, ముందు నీ చేత్తో చూసి దింపు. తల ముంచనివ్వకు, నీళ్లు ముక్కులోకి పోకూడదు. అత్తగారు బదరీనాథ్ తప్తకుండంలా మూడు మునకలంటారు, ముందే చెప్పి ఉంచు. పసుపు కుంకుమలు, నూనె, సున్నిపిండి, సబ్బు, చిల్లర నాణేలు ఏవీ ఆ నీళ్లలో పడకూడదు. అది హెస్క్వియాట్ ప్రజల నేల. అటు ఒడ్డునున్న వాళ్ల ఊరు 1964లో అలాస్కా భూకంపం తెచ్చిన సునామీకి కొట్టుకుపోయింది, తర్వాత ఎత్తున కట్టుకున్నారు. మీరున్నప్పుడు నేల గట్టిగా కదిలితే బట్టలు, ఫోన్లు వెతుక్కోకుండా పై బాట పట్టండి.

పట్టీలు, మెట్టెలు టొఫినోలోనే తీసి పెట్టించు. ఆ నీళ్లలో గంధకం ఉంది, కోడిగుడ్డు వాసన వస్తుంది చూడు, వెండి నల్లబడుతుంది. వదులుగా ఉన్న ఉంగరాలూ వద్దు. చీరలూ నూలు బట్టలూ తడిస్తే ఆరవు, తిరుగు పడవలో వణుకు పుడుతుంది. లెగ్గింగ్స్, పొడుగు చేతుల పాలిస్టర్ టీషర్టు మంచివి. బట్టలు మార్చుకునే గదులు ఉన్నాయి. జారని అడుగున్న వాటర్ షూస్ అందరికీ తప్పనిసరి. తడి చెక్కబాట మీద మాత్రం మామూలు నడక బూట్లే. ఒక్కొక్కరికీ ఉన్ని స్వెటరు, వానకోటు, పొడి సాక్సులు.

అక్కడ కొట్టు లేదు, తాగే నీళ్లు లేవు, ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకు. మనిషికి లీటరున్నర నీళ్లు, డబ్బాలో పులిహోర, ఫ్లాస్కులో టీ. గాజు సీసాలు, మద్యం ఒప్పుకోరు. సంచి జిప్పు తీసి వదిలితే కాకులు, నీలి జే పిట్టలు చూస్తుండగానే పొట్లం ఎత్తుకుపోతాయి. తొక్కలు, కాగితాలు అన్నీ తిరిగి తెచ్చుకోవాలి. తోడేళ్లు ఉన్న అడవి అది. బాట పలకల మీద వచ్చినవాళ్లు తమ పడవల పేర్లు చెక్కేవారు, అవి కనిపిస్తే మామగారికి చదువుకుంటూ నడవడం బాగుంటుంది. కిరణ్‌ను మాత్రం తన పేరు చెక్కుతానని చాకు తీయనివ్వకు.

ఆయన బీపీ మాత్రలేవో, మోకాళ్ల డాక్టరు ఏమన్నారో రాయి. దాన్నిబట్టి ఏ వారం ఆటుపోట్లు బాగుంటాయో చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ